బ్యారేజీయా, రైలా? సెమీ అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఆయిల్ పెయింటింగ్ వేస్తూ, నలుగురికి నేర్పుతూ ఉంటాను. నావి సెమీ అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు, అంటే ఉన్నది ఉన్నట్టు కాకుండా, పోలిక కొంత మిగిల్చి రంగులు, ఆకారాలుగా వేసేవి. మొన్న గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా కాన్వాస్ ముందు చాలాసేపు నిలబడి, "బాబూ, ఇది ప్రకాశం బ్యారేజీయా, కృష్ణ మీద వెళ్ళే రైలా?" అన్నారు. కింద అడ్డంగా మురికి ఆకుపచ్చ, పైన బూడిద రంగు, మధ్యలో నిలువుగా పదకొండు రంగు ముద్దలు. అసలు బ్యారేజీకి 70 గేట్లు.

అపోహ: ఏం వేశారో కనిపెడితే బొమ్మ అర్థమైనట్టే.

అది మొదటి అరనిమిషం పని. అమరావతి శిల్పాల్లో చాలాచోట్ల బుద్ధుడి బదులు పాదాలు, ఖాళీ సింహాసనమే ఉంటాయి. అది బుద్ధుడని కనిపెట్టగానే చూసేవాళ్ళు అక్కడితో ఆగిపోయారా? నేను వేసింది బ్యారేజీనే. కానీ ముద్దల మధ్య ఖాళీ ఎడమ నుంచి కుడికి తగ్గుతూ పోతుంది, దాంతో కన్ను పరుగెడుతుంది. ఆయనకు రైలు అనిపించింది అందుకే. కంపోజిషన్ అంటే, బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలన్న అమరిక అంటే, ఇదే.

అపోహ: మందంగా పూసేది తప్పులు కప్పుకోవడానికి.

కొందరు అలా చేస్తారు, కాదనను. బొమ్మ వేసినవాళ్ళని అడిగి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. పాలెట్ నైఫ్ (రంగు పూసే చిన్న కత్తి) ఎత్తిన చోట రంగు చిన్న గట్టులా లేచి ఉంటుంది. అది ఏ కొసన ఉందో చూస్తే చెయ్యి ఎటు వెళ్ళిందో తెలిసిపోతుంది. నా ముద్దలన్నిటికీ గట్టు పైకొసనే ఉంది. గేటు ఎత్తినట్టు కింది నుంచి పైకి లాగాను. నీళ్ళ దగ్గర మాత్రం టర్పెంటైన్ కలిపిన పల్చటి రంగు, కాన్వాస్ నేత కూడా కనిపిస్తుంది. ఆ పల్చదనం పక్కన ఉండబట్టే గేట్లకు బరువొచ్చింది.

మందం రంగుతో తిప్పలూ ఉన్నాయి. నూనె రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. పైన తోలు కట్టినా లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఇది తెలిసి కూడా ఒకసారి తొందరపడి, బొమ్మకు న్యూస్‌పేపర్ చుట్టి ఆటోలో పంపాను. విప్పితే ఆకాశం నిండా క్లాసిఫైడ్స్!

అపోహ: ఎరుపంటే కోపం, నీలమంటే ప్రశాంతత.

చీరల కొట్లో అడగండి. అదే ఎరుపు చీర, ఆకుపచ్చ అంచుతో ఒకలా, నల్ల అంచుతో ఇంకోలా ఉంటుంది. పారిస్‌లో గోబెలిన్ నేతశాల నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే, అక్కడి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ లోపం అద్దకంలో కాదు, పక్కన నేసిన రంగుల్లో ఉందని తేల్చాడు. 1839లో దాని మీద పుస్తకమే వేశాడు. నా బొమ్మలో కుడివైపు కింద గోరంత మిర్చి ఎరుపు ఉంది. కోపం కాదు, ఏమీ కాదు. మురికి ఆకుపచ్చ మధ్య భగ్గుమని, పరుగెత్తే కన్నుని ఆపడానికి పెట్టాను.

అపోహ: ఎవరికి ఏది తోస్తే అదే అర్థం.

తోచింది బొమ్మలో చూపించగలగాలి. పెద్దాయన రైలుకి ఆ ఖాళీలే సాక్ష్యం. ఆయన వెంట వచ్చిన మనవడు ఏనుగన్నాడు. ఎక్కడ నాన్నా అంటే, నవ్వి తాత వెనక్కి పోయాడు.