చెట్ల మధ్య డిస్క్ గోల్ఫ్: అపోహలు - వాస్తవాలు

పార్కులో చెట్ల మధ్య, ఎత్తుపల్లాల మీద వేసిన 18 హోల్స్ డిస్క్ గోల్ఫ్ కోర్సులో ఏళ్లుగా ఆడుతున్నాను, కొత్తవాళ్లను వెంటబెట్టుకుని ఆడిస్తున్నాను. డిస్క్ గోల్ఫ్ అంటే పళ్లెం లాంటి డిస్కును విసురుతూ, వీలైనంత తక్కువ త్రోల్లో గొలుసుల బుట్టలో వేసే ఆట. ఒక్కో బుట్టకు చేరే దారి ఒక్కో హోల్. మొదటిసారి వచ్చినవాళ్లు చాలామంది నాలుగో హోల్‌కి వచ్చేసరికే డీలా పడిపోయి "ఇది నా వల్ల కాదు" అంటారు. వాళ్ల చేతిలో లోపమేమీ ఉండదు. ఇంటి దగ్గర నుంచే మనసులో పెట్టుకొచ్చిన కొన్ని నమ్మకాలే వాళ్లను ముంచుతాయి. నేను తరచుగా వినే మాటల్ని ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

అపోహ: ఫ్రిస్బీ విసరడం వస్తే చాలు, ఇదీ అదే.

రెండిటి పుట్టిల్లు ఒక్కటే, నిజమే. ఆధునిక ఫ్రిస్బీకి పేటెంటు పొందిన ఎడ్ హెడ్రిక్కే 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు వేశాడు. గొలుసులు వేలాడే బుట్టకు 1977లో పేటెంటు వచ్చిందీ ఆయనకే. కానీ 1983లో డేవ్ డనిపేస్ అంచును వాలుగా మలిచి ఈగిల్ అనే డిస్క్ తెచ్చాక దారులు వేరయ్యాయి.

రెండూ చేతిలో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. అల్టిమేట్ (రెండు జట్లు ఫ్రిస్బీ అందించుకుంటూ ఆడే ఆట)లో వాడే డిస్క్ 175 గ్రాములు, 27 సెంటీమీటర్ల వెడల్పు. డిస్క్ గోల్ఫ్‌లో దూరం విసరడానికి వాడే డ్రైవర్ అనే డిస్కులో దాదాపు అంతే బరువు 21 సెంటీమీటర్లలో ఇమిడి ఉంటుంది. మొదటిది ఇంకొకరు పట్టుకోవడానికి వీలుగా తేలుతుంది. రెండోది గాలిని కోసుకుంటూ పోయి, వేగం తగ్గగానే ఒక పక్కకు ఒరుగుతుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి విసరడం) వేస్తే ఎడమకు, ఫోర్‌హ్యాండ్ (చేతిని కుడి పక్క నుంచే విసరడం) వేస్తే కుడికి. ఆ ఒరుగుడును ముందే లెక్కలో వేసుకోవడంతోనే అసలు ఆట మొదలవుతుంది.

అపోహ: దూరం వెళ్లాలంటే అన్నిటికన్నా వేగమైన డ్రైవర్ కొనాలి.

చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు ఉంటాయి: స్పీడ్, గ్లైడ్ (తేలే గుణం), టర్న్ (వేగంగా పోతున్నప్పుడు ఫేడ్‌కు ఎదురు పక్కకు తిరగడం), ఫేడ్ (వేగం తగ్గాక ఒరగడం). మొదటి అంకె పెద్దగా ఉంటే ఎక్కువ దూరం పోతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది మీ చేతిని ఆ డిస్క్ అడిగే వేగం. స్పీడ్ 12 ఉన్న డిస్కుకు అంత వేగం అందకపోతే దాని టర్న్ బయటపడదు, ఫేడ్ ఒక్కటే మిగులుతుంది. ఎంత గట్టిగా విసిరినా మధ్యలోనే ఎడమకు కూలిపోతుంది. అదే చేత్తో స్పీడ్ 4 లేదా 5 ఉన్న మిడ్‌రేంజ్ (మధ్య దూరాల డిస్క్) ఇచ్చి చూడండి, చాలాసార్లు డ్రైవర్‌ను దాటిపోతుంది, పైగా తిన్నగా పోతుంది. కొత్తవాళ్ల దగ్గర నేను మొదటి నెల డ్రైవర్లు తీసుకుని నా సంచిలో పెట్టుకుంటాను. ఒక పట్టర్ (బుట్ట దగ్గర వాడే నెమ్మది డిస్క్), ఒక మిడ్‌రేంజ్ చాలు. అలిగినవాళ్లున్నారు గానీ, నెల తర్వాత తిరిగి అడిగినవాళ్లు తక్కువ.

అపోహ: చెట్టు అంటే 90 శాతం గాలే, మధ్యలోంచి వేసేయొచ్చు.

ప్రతి కోర్సులోనూ వినిపించే మాట ఇది. నాకు మాత్రం దీని మీద గట్టి అభ్యంతరం ఉంది, ఎందుకంటే స్కోరు కార్డు మీద ఎక్కువ నష్టం చేసేది ఇదే.

లెక్క వేసి చూడండి. ఒక్కో చెట్ల వరసలో 90 శాతం ఖాళీ ఉందనే అనుకుందాం. ఒక వరస దాటడానికి పదింట తొమ్మిది అవకాశాలు. ఐదు వరసలు దాటాలంటే అది 59 శాతానికి పడిపోతుంది. పది వరసలైతే 35 శాతం. అంటే మూడుసార్లు వేస్తే రెండుసార్లు చెట్టుకే తగులుతుంది.

ఇంకో సంగతి మన కంటికి ఆనదు. మనం సందును చూసేటప్పుడు డిస్కును ఒక చుక్కలా ఊహించుకుంటాం. కానీ అది 21 సెంటీమీటర్ల పళ్లెం. దాని మధ్యభాగం కాండానికి తగలకపోయినా అంచు తగులుతుంది. కాబట్టి 30 సెంటీమీటర్ల మొద్దు డిస్కుకు 51 సెంటీమీటర్ల మొద్దుతో సమానం. మీరు చూసిన సందు కన్నా డిస్క్ చూసే సందు ఎప్పుడూ ఇరుకే.

మేం ఆడే కోర్సులో ఏడో హోల్ దీనికి మంచి పాఠం. టీ ప్యాడ్ (హోల్‌లో మొదటి త్రో వేసే చోటు)కు 20 మీటర్ల దూరంలో రెండు చెట్లు గుమ్మంలా నిలబడి ఉంటాయి, మధ్య ఎడం 3 మీటర్లు. డిస్క్ వెడల్పు తీసేస్తే ఇటు 4 డిగ్రీలు, అటు 4 డిగ్రీలు, అంతే మనకున్న వెసులుబాటు. అదే గుమ్మం 40 మీటర్ల దూరంలో ఉంటే 2 డిగ్రీలే. పూర్తి బలంతో విసిరినప్పుడు నా చేయి 4 డిగ్రీల లోపు ఉంటుందని నేను పందెం కాయలేను. సగం బలంతో, పట్టర్‌తో, అడుగులు వేయకుండా నిలబడి వేస్తే కాస్తాను. అందుకే ఆ హోల్‌లో నాకు దూరం అక్కర్లేదు, గుమ్మం దాటితే చాలు. బుట్ట ఎక్కడుందో కూడా టీ మీద చూడను, మొదటి సందునే చూస్తాను. చెట్టు వైపు చూసిన కన్ను డిస్కును చెట్టు వైపే తీసుకెళ్తుంది.

అపోహ: పొదల్లో పడితే గొప్ప త్రో ఒకటి వేసి పోయింది రాబట్టుకోవాలి.

పోయిన చోటే వెతుక్కోవాలంటారు పెద్దలు. పోయిన డిస్కు విషయంలో అది అక్షరాలా నిజం, పోటీల్లో వెతకడానికి 3 నిమిషాలే ఇస్తారు. పోయిన స్ట్రోకుకు (స్కోరులో పడిపోయిన త్రోకు) మాత్రం ఆ సామెత వర్తించదు. అది పోయింది, అంతే.

ఒకసారి పదకొండో హోల్‌లో నా డిస్క్ ఫెయిర్‌వే (ఆడాల్సిన ఖాళీ దారి) పక్కన పొదల్లో పడింది. పార్ 4, అంటే మంచి ఆటగాడు 4 త్రోల్లో ముగించాల్సిన హోల్. ఎదురుగా తలుపంత సందు కనిపించింది, దాని అవతల బుట్ట. వేశాను. కొమ్మకు తగిలి ఇంకా లోపలికి పోయింది. పంతం పట్టి మళ్లీ వేశాను, మళ్లీ తగిలింది. చివరికి 8తో బయటపడ్డాను. తర్వాతి వారం కూడా దాదాపు అక్కడే పడింది. ఈసారి మోకాలి మీద కూర్చుని, కొమ్మల కింద నుంచి అడ్డంగా 6 మీటర్లు తోసి ఫెయిర్‌వే మీదకు తెచ్చాను. ముందుకు ఒక్క అడుగు కూడా రాలేదు. ఆ హోల్ 5తో ముగిసింది. ఆ 6 మీటర్ల త్రో నాకు 3 స్ట్రోకులు మిగిల్చింది. ఆ రోజు వేసినవాటిలో అదే నా మంచి త్రో.

2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరి హోల్‌లో జేమ్స్ కాన్రాడ్ దాదాపు 75 మీటర్ల నుంచి నేరుగా బుట్టలో వేసి, పాల్ మెక్‌బెత్‌తో స్కోరు సమం చేసి ప్లేఆఫ్‌లో గెలిచాడు కదా అని కుర్రాళ్లు అడుగుతారు. అద్భుతమైన త్రో అది. కానీ అక్కడ ఆయనకు ఇంకో దారి లేదు. పదకొండో హోల్‌లో మనకుంది.

అపోహ: వెనుక నుంచి గాలి వీస్తే మన అదృష్టం.

బయలు ప్రదేశంలో, ఎత్తుగా వేయగలిగినవాళ్లకు నిజమే. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరింది ఎడారిలో, గాలి సాయంతోనే. చెట్ల కింద అంత ఎత్తు దొరకదు. వెనుక గాలిలో డిస్కు మీదుగా పారే గాలి వేగం తగ్గుతుంది, లిఫ్ట్ (పైకెత్తే బలం) తగ్గుతుంది, త్వరగా ఒరిగి నేల మీద పడుతుంది. ఎదురుగాలిలో దీనికి తలకిందులు: డిస్క్ పైకి లేస్తుంది, కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ కుడికి తిరుగుతుంది. ఎదురుగాలిలో ఫేడ్ ఎక్కువున్న డిస్క్ తీయండి, ముక్కు (ముందు అంచు) కిందికి ఉంచండి. ఇంతకన్నా పెద్ద రహస్యం లేదు.

అపోహ: బుట్ట దగ్గరికి వచ్చాక పని అయిపోయినట్టే.

కష్టమైన కోర్సుల్లో బుట్టను కావాలనే వాలు అంచున పెడతారు. 8 మీటర్ల నుంచి గట్టిగా వేసి తప్పితే డిస్క్ అంచు మీద నిలబడి చక్రంలా దొర్లుతూ 30 మీటర్లు కిందికి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. మరీ గట్టిగా వేస్తే గొలుసులు కూడా వెనక్కి తన్నేస్తాయి. బుట్టకు 10 మీటర్ల లోపు నుంచి వేసేటప్పుడు, వదిలాక నిలదొక్కుకున్నట్టు కనబడాలి, ఆ తర్వాతే ముందుకు అడుగు వేయాలని నియమం. బుట్ట పైకప్పు మీద ఆగితే లెక్కలోకి రాదు. వాలు భయపెడుతుంటే బుట్ట కిందకు మెల్లగా చేర్చి తర్వాతి త్రోతో ముగించండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అపోహ: అడ్డొచ్చిన కొమ్మ విరిచేస్తే తప్పేంటి?

నియమం ఒప్పుకోదు. మనం నిలబడే చోట రాలిపడిన కొమ్మను పక్కకు జరపొచ్చు. చెట్టుకున్న దాన్ని విరవకూడదు, అది తక్కువలో తక్కువ కదిలేలా మనమే ఒదిగి నిలబడాలి. నియమం కన్నా నాకు చెట్టు ముఖ్యం. ఏడో హోల్ గుమ్మంలో ఎడమ చెట్టు దగ్గరికి వెళ్లి చూడండి. ఛాతీ ఎత్తున బెరడు లేచిపోయి, తెల్లటి గాట్లు ఒకదాని మీద ఒకటి కనబడతాయి. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు కింది పొర గుండానే వేర్లకు దిగుతుంది. చుట్టూ ఆ పొర తెగితే చెట్టు మెల్లగా ఎండిపోతుంది. ఆ గాట్లలో కొన్ని నావే. ఇప్పుడు ఆ కాండానికి కట్టిన రక్షణ పలకలు వదులైతే బిగించే పని మేమే చూసుకుంటున్నాం.

అపోహ: ఇది ఆట స్థలం, నడిచేవాళ్లే చూసుకుని పక్కకు తప్పుకోవాలి.

పార్కు అందరిదీ. నడిచేవాళ్లకు, పిల్లలకు, కుక్కను తిప్పేవాళ్లకు మన ఫెయిర్‌వే ఎక్కడుందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మంచి ఆటగాళ్ల చేతిలోంచి డిస్క్ గంటకు 100 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్తుంది, అదీ పదునైన అంచుతో. ఎవరికీ తగలదన్న నమ్మకం కుదిరేవరకు వేయకూడదు, అంతే. పోటీల్లో త్రోకు ఇచ్చే 30 సెకన్లు కూడా దారి ఖాళీ అయ్యాకే మొదలవుతాయి.

మా పద్నాలుగో హోల్‌లో మలుపు అవతల కాలిబాట టీ మీద నుంచి కనపడదు. అక్కడ బెంచీ మీద రోజూ సాయంత్రం ఒక పెద్దాయన కూర్చుంటారు. మొదట్లో మమ్మల్ని చూస్తే ఆయనకు చిరాకు. మేం ప్రతిసారీ ఒకరిని ముందుకు పంపి, దారి చూసి, ఆయనకు ఒక మాట చెప్పి ఆడటం మొదలుపెట్టాం. ఇప్పుడు మావాడు మలుపు దగ్గరికి వెళ్లేసరికి, బాట ఖాళీగా ఉంటే ఆయనే చేతికర్ర పైకెత్తి చూపిస్తారు.