భూగోళం నోట్లో థర్మామీటర్ పెట్టకండి: పిల్లల బొమ్మల్లో రేపటి వాతావరణంపై అపోహలు - వాస్తవాలు

జూన్ 5 దగ్గరపడుతోందంటే నా ఫోన్ మోగుతుంది. "మాస్టారూ, పర్యావరణ దినోత్సవం డ్రాయింగ్ పోటీ పెట్టాం, జడ్జిగా రావాలి." వెళ్తాను. నూట ఇరవై షీట్లు ముందు పెడతారు. తొంభై షీట్లలో భూగోళం ఏడుస్తూ ఉంటుంది, నోట్లో థర్మామీటరు, నుదుటి మీద తడిగుడ్డ. మిగతా వాటిలో కాగితానికి నడిమధ్య గీత, అటు పచ్చటి చెట్టు, ఇటు మోడు. ఫస్ట్ ప్రైజ్ ఎవరికి ఇవ్వాలో తేలక రంగులు గీత దాటని పిల్లకి ఇచ్చి వచ్చేస్తాను.

నేను డ్రాయింగ్ మాస్టారిని. కొన్నేళ్ళుగా ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలతో "2050లో మీ వీధి" అని బొమ్మలు వేయిస్తున్నాను. ఈ పనిలో నేను విన్న అపోహలు కొన్ని, నేనే నమ్మినవి ఇంకొన్ని.

అపోహ: పిల్లల ఊహకు హద్దేముంది, కాగితం ఇస్తే చాలు.

వాస్తవం: కాగితం ఇస్తే ముందు వచ్చేది వాళ్ళ ఊహ కాదు, వాళ్ళ ఫోన్. ఆక్సిజన్ సిలిండర్ తగిలించుకున్న పిల్లాడు, గాజు గోపురం కింద నగరం, ఎగిరే కార్లు. నేను ఏమీ అనను. "బాగుంది. ఇప్పుడు ఇంకోటి" అని రెండో షీటు ఇస్తాను. దానికి ముందు ఒక్క ప్రశ్న: 2050కి నీకెన్నేళ్ళు? 2011లో పుట్టిన ఒక పిల్ల వేళ్ళ మీద లెక్కేసి "ముప్ఫై తొమ్మిదండి" అంది. ఒక క్షణం ఆగి, "అంటే ఇప్పుడు మా అమ్మ కన్నా పెద్దదాన్నండి!" అని తనే ఉలిక్కిపడింది. ఆ తర్వాత అడుగుతాను, నీళ్ళు ఎక్కడ పడతావు, ఇంట్లో ఎవరెవరుంటారు, మధ్యాహ్నం రెండింటికి ఎక్కడుంటావు అని. అప్పుడు పెన్సిల్ నెమ్మదిస్తుంది. నాకు కావలసింది ఆ నెమ్మదే.

అపోహ: రేపటి బొమ్మకి పాత కబుర్లు ఎందుకు?

వాస్తవం: కాకినాడ దగ్గర, సముద్రం కోసుకుపోతున్న ఉప్పాడ వెళ్ళి చూడండి. మేము అక్కడ మే నెలలో కూర్చుంటాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి తండ్రులు ఇళ్ళ దగ్గరే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ. పిల్లల్ని రంగుల జోలికి పోనివ్వకుండా ముందు పెద్దవాళ్ళ దగ్గరికి పంపుతాను. ఒక మామ్మ అరుగు మీంచి లేవకుండానే సముద్రం వైపు వేలు పెట్టి, "అదిగో, ఆ రెండో కెరటం విరుగుతోందే, అక్కడ మా వంటిల్లు" అంది. పిల్లలు నోట్‌బుక్‌లో రాసుకున్నారు: వంటిల్లు, రెండో కెరటం.

మర్నాడు తొమ్మిదో తరగతి కుర్రాడు నా దగ్గరికొచ్చి అడిగాడు. "మాస్టారండీ, మేం ఇప్పటికి మూడిళ్ళు మారామండి. 2050కి ఐదోది వెయ్యాలా, ఆరోది వెయ్యాలా?" నా దగ్గర జవాబు లేదు. వాడే తేల్చుకున్నాడు. సముద్రం నుంచి రోడ్డు దాకా ఒకే వరసలో ఇళ్ళు వేశాడు. నీళ్ళలో మూడు, చుక్కల గీతలతో. ఒడ్డున నాలుగోది నిండు రంగుల్లో, గడపకి పసుపుతో సహా. ఐదోదానికి పునాది మాత్రమే. ఆరోదానికి కాగితం చాలలేదు, అట్ట మీద ఒక బాణం గుర్తు వేసి ఊరుకున్నాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఉప్పాడ కోతకి కారణం సముద్రమట్టం ఒక్కటే కాదు. పైన ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోయి, గోదావరి తీరానికి తెచ్చే మట్టీ ఇసకా తగ్గాయి. నేరమంతా ఒక్కరి మీదే తొయ్యొద్దని పిల్లలకి చెప్తాను. వాళ్ళకి ఇది తొందరగానే అర్థమవుతుంది. మాట పడలేనిది పోస్టరు మీద నినాదం రాయించే పెద్దలే.

అపోహ: ఊహకి లెక్కలు అడ్డం.

వాస్తవం: టేపు లేకుండా నేను క్లాసుకి వెళ్ళను. 2050 అనగానే పిల్లలు కొబ్బరిచెట్టు తల దాకా సముద్రం వేసేస్తారు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ. దాని లెక్క ప్రకారం 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం పెరిగింది సుమారు 20 సెంటీమీటర్లు. 2100 నాటికి, 1995-2014 సగటు మీద, మనం వదిలే వాయువులను బట్టి 28 నుంచి 101 సెంటీమీటర్ల దాకా పెరగొచ్చని దాని అంచనా. తరగతి గోడ మీద సుద్దముక్కతో ఆ గీతలు గీయిస్తాను. "ఇంతేనా అండీ?" అని నిరాశపడతారు. అప్పుడు 1977 నవంబరు 19 గురించి చెప్తాను. దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. అలాంటి ఉప్పెన రేపు వస్తే ఆ సుద్దగీత మీద నిలబడి వస్తుంది. గది నిశ్శబ్దమైపోతుంది. బొమ్మలు మళ్ళీ మొదలవుతాయి, ఈసారి కొబ్బరిచెట్టుకి బదులు గుమ్మం, గట్టు, మంచంకోడు.

లెక్క కూడా బొమ్మవుతుంది. 2018లో ఎడ్ హాకిన్స్ అనే బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త ఏడాదికో నిలువు చార చొప్పున, చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు ఇచ్చి ఒక పట్టీ చేశాడు. అక్షరం లేదు, అంకె లేదు. దాన్ని చూపిస్తే జాందానీ చీరలు నేసే ఇంటి పిల్ల ఒకతె "ఇది చీర అంచులా ఉందండి" అని, వాళ్ళ నాన్న డిజైన్ గీసే గ్రాఫు కాగితం తెచ్చి గళ్ళు నింపడం మొదలుపెట్టింది. అది ఇంకా మగ్గం ఎక్కలేదు.

అపోహ: భయపెడితేనే మారతారు.

వాస్తవం: భయానికి లోటేమీ లేదు. 2021లో భారత్ సహా పది దేశాల్లో, 16-25 ఏళ్ళ పదివేల మందిని అడిగిన సర్వే లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చింది. భవిష్యత్తు భయపెడుతోందన్నవాళ్ళు 75 శాతం. ఇక ఏడ్చే భూగోళంతో కొత్తగా చెప్పేదేముంది?

దీనికి నేను చేసిన విరుగుడు మాత్రం అంతకన్నా తప్పు. మొదటి రెండేళ్ళు "చివర్లో ఆశ ఉండాలి" అని పట్టుబట్టేవాణ్ణి. ఒకమ్మాయి బొమ్మలో ప్రతి డాబా మీదా సోలార్ పలకలు నిగనిగలాడాయి. మెచ్చుకున్నాను. వరండాలో చెప్పింది, "మీరు అడిగారని వేశానండి."

అపోహ: సందేశం మంచిదైతే చాలు, సామాను ఏదైనా పర్లేదు.

వాస్తవం: "ప్లాస్టిక్ వద్దు" అని ఫ్లెక్సీ మీద ప్రింటు కొట్టించి కట్టడం చూస్తూనే ఉన్నాం. ఫ్లెక్సీ అంటే పీవీసీ, అదీ ప్లాస్టిక్కే. దానికి బదులు గుడ్డ ఉంది. తెలంగాణలోని చేర్యాల నకాషీ బొమ్మలకి గుడ్డ మీద చింతగింజల అంబలీ సుద్దమట్టీ పూస్తారు, అది మనకి తెలిసిన విద్యే. ఇంకో సంగతి. కలంకారీ గుడ్డని పారే నీటిలో ఉతకాలి. శ్రీకాళహస్తిలో ఆ పని చేసేది స్వర్ణముఖి నదిలో, అది చాలా నెలలు ఇసకే. వాన లెక్క తప్పితే రంగుల లెక్కా తప్పుతుంది.

అపోహ: వాతావరణ మార్పు అంటే వరద, తుఫాను.

వాస్తవం: అవి బొమ్మకి లొంగుతాయి, అందుకే అందరూ వేస్తారు. ఎండని వెయ్యడమే కష్టం. 2015 మే వడగాలులు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీశాయి, దాని బొమ్మ ఎవరి దగ్గరైనా ఉందా? ఎర్రటి సూర్యుడికి కోరలు పెడితే ఎండ రాదు.

కొత్తగూడెం వైపు ఒక ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లాడు దీన్ని పట్టుకున్నాడు. వేపచెట్టు, దాని చుట్టూ ఒకే నులక మంచం ఐదు చోట్ల. పొద్దున తొమ్మిదికి చెట్టుకి పడమటి పక్క, ఒంటిగంటకి మొదట్లో, ఐదింటికి తూర్పు పక్క. "మా నాయనమ్మ నీడెంట జరుగుతది సార్" అన్నాడు. 2050 షీట్లో చెట్టు లేదు, రోడ్డు వెడల్పయింది. రేకుల షెడ్డు కింద మంచం ఒక్కచోటే ఉంది. దాని పక్కన ఐదు టైములూ వరసగా రాశాడు.

అపోహ: బొమ్మలేస్తే కార్బన్ తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. ఆ మంచం బొమ్మని పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాం. సర్పంచ్ గారు చూసి "ఇది ఫలానా వాళ్ళ చెట్టు కదా" అని గుర్తుపట్టారు, పదిమంది వచ్చి చూశారు, రోడ్డు కొద్దిగా జరపొచ్చా అని గంటసేపు మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది చెట్టు కొట్టేశారు. మొన్న ఆ పిల్లాడు వాట్సాప్‌లో ఇంకో బొమ్మ పంపాడు. మంచం ఇప్పుడు ఏడు చోట్లకి తిరుగుతోంది, అందులో మూడు పక్కింటివాళ్ళ అరుగు మీద.