‘రాసే ఉంది కదా’ అన్న వాదన ఎక్కడ మొదలైంది?

విరేచనాలప్పుడు ఒంట్లోంచి పోయిన నీళ్లు, లవణాలు తిరిగి అందడానికి తాగించేది ఓఆర్‌ఎస్. ఆ పేరుతో అమ్మిన తీపి పానీయాల గొడవ మళ్లీ రేగింది. ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదని డబ్బా మీద రాసే ఉంది కదా అంటున్నాయి కంపెనీలు. ఈ తగువుకు మూలం 2022 జులైలో ఉంది.

ఆ ఏడాది ఏప్రిల్ 8న మన దేశపు ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఫార్ములాకు సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దంది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లుగా అడుగుతున్నదీ అదే. మూడు నెలలు గడిచాక, జులై 14న, ఆ మాట ట్రేడ్‌మార్కులో భాగమైతే ఉండనివ్వొచ్చు, ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ సిఫార్సు చేసిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు’ అని డబ్బా మీద వేస్తే చాలని సడలించింది. ఆ నిబంధన పాటించాం కదా అన్నది కంపెనీల వాదన. పాటించారు కూడా.

కానీ ఆ హెచ్చరిక ఎవరికోసం? డబ్బా తిప్పి, ఇంగ్లిషులో చిన్న అక్షరాలు చదివి, ఫార్ములా అంటే ఏమిటో తెలిసిన మనిషి కోసం. మన ఇళ్లల్లో విరేచనాల విషయం అలా తేలదు. ‘పళ్లొస్తున్నాయి’, ‘వేడి చేసింది’, ‘దిష్టి తగిలింది’ అంటూ మొదలవుతుంది. నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని పట్టడం మానేస్తారు. నీరసపడితే గ్లూకోజు ఎక్కిస్తే ఓపికొస్తుందన్నది ఊరూరా ఉన్న నమ్మకం, కాబట్టి తియ్యగా ఉన్నదే బలమైనదనిపిస్తుంది. డాక్టరు నోటిమాటగా ఓఆర్‌ఎస్ అంటారు, షాపతను ఆ మూడు అక్షరాలున్న డబ్బా చేతిలో పెడతాడు, పిల్లాడు మారాం చెయ్యకుండా తాగేస్తాడు. ఇక చదవాల్సిన అవసరం ఎవరికి కనిపిస్తుంది? బాగా చదువుకున్నవాళ్లూ ఇలాగే కొన్నారు.

అసలు ఫార్ములాలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములే. దానితోపాటు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, మొత్తం 20.5. గ్లూకోజు, సోడియం జంటగా పేగు గోడ దాటుతూ వెంట నీళ్లను లాక్కెళ్తాయి. గొడవలో ఉన్న పానీయాలు కొన్నిటిలో చక్కెర లీటరుకు 100 గ్రాములు దాటింది, సోడియం చాలలేదు. అంత చక్కెర పేగులోకి వెళ్తే ఒంట్లోని నీళ్లే తిరిగి పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి.

నమ్మకాలను లెక్కలోకి తీసుకుని నేర్పితే ఏమవుతుందో బంగ్లాదేశ్ 1980లలోనే చూపించింది. అక్కడి బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు తల్లుల చేతే కలిపించారు. కార్యకర్తకు జీతం తల్లికి ఎంత గుర్తుందన్నదాన్ని బట్టి. అయినా మొదట్లో వాడకం తక్కువే. ఆరా తీస్తే, అక్కడివాళ్లు విరేచనాలను నాలుగు రకాలుగా చూస్తారని, ఈ నీళ్లు కలరాలాంటి ఒక్క రకానికే అనుకున్నారని తేలింది. దాంతో పాఠం మార్చారు, మగవాళ్లకూ చెప్పారు. లేబుల్ మీద ఒక వాక్యంతో సరిపెట్టిన మన జులై ఉత్తర్వును దీని పక్కన పెట్టి చూడాలి.

ఆ ఉత్తర్వునూ, ఇదే విషయం మీద 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన మరో ఉత్తర్వునూ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరు 14న వెనక్కి తీసుకుంది. పేరు ముందో వెనకో ఏ పదం తగిలించినా ఓఆర్‌ఎస్ అన్న మాట కుదరదని మర్నాడే స్పష్టం చేసింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఒకదానికి కొద్దిరోజుల ఊరట దొరికింది, నెలాఖరులో ఇంకొకదానికి అదీ దొరకలేదు.

డబ్బాల మీద ఆ పేరు పోయినంత మాత్రాన అసలు ఓఆర్‌ఎస్ పొడిని సరిగ్గా కలపడం మనకు వచ్చెయ్యదు. లీటరు నీళ్లలో కలపాల్సిన పొట్లాన్ని ఒక్క గ్లాసులో కలిపితే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. 200 మిల్లీలీటర్ల పొట్లాన్ని లీటరులో కలిపితే అది వట్టి నీళ్లతో సమానం. పాలలో, జ్యూసులో కలపకూడదు, కలిపాక కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో పట్టాలి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు వెయ్యాలి, విరేచనాలు మూడో రోజుకే ఆగినా సరే.