ఒక్క కిడ్నీతో పుట్టిన బిడ్డ

"గింత చిన్న పోరనికి కిడ్నీ వాచిందట బిడ్డా" అంటూ దేవరకొండ నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆమె కోడలికి కొడుకు పుట్టి అప్పటికి పది రోజులు. ఎడమ కిడ్నీ లేదని కడుపులో ఉండగానే, బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కానింగులో తెలిసింది. కాన్పు తర్వాత తీసిన స్కానింగులో కుడి కిడ్నీ 5.8 సెంటీమీటర్లు ఉందని, వయసుకు మించి పెద్దగా ఉందని రాశారు. ఉన్న ఒక్కటీ పాడైందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అది వాపు కాదు, ఎదుగుదల. పుట్టిన బిడ్డ కిడ్నీ మామూలుగా నాలుగున్నర, ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. ఒక్కటే ఉన్నప్పుడు అది ఇంకాస్త పెద్దగా కనబడాలనే డాక్టర్లు కోరుకుంటారు. పెరగకుండా ఉండిపోతేనే వాళ్లకు అనుమానం. వెయ్యి నుంచి రెండు వేల మంది పిల్లల్లో ఒకరు ఇలా ఒక్క కిడ్నీతో పుడతారు.

నాకు వింతగా తోచేది ఏమిటంటే, ఈ ఎదుగుదల తల్లి కడుపులోనే మొదలవుతుంది. అక్కడ బిడ్డ రక్తంలోని మలినాలు మాయ ద్వారా తల్లికి చేరి, తల్లి కిడ్నీలే వాటిని వడకడతాయి. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డకు క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టే ఒక మలినం) పరీక్ష చేస్తే కనబడేది కూడా చాలావరకు తల్లి లెక్కే. అంటే బిడ్డ కిడ్నీ మీద ఇంకా ఆ బరువు పడనే లేదు. అయినా ఐదో నెల దాటాక అది జంటగా ఉండే కిడ్నీల కన్నా వేగంగా పెరగడం స్కానింగులో కనబడుతుంది.

కిడ్నీలో వడపోత పని చేసేవి నెఫ్రాన్లు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షలు. మనిషికీ మనిషికీ ఈ లెక్కలో చాలా తేడా ఉంటుంది. గర్భం 36 వారాలు నిండేసరికి వీటి తయారీ ఆగిపోతుంది. నెలలు నిండి పుట్టాక కొత్తది ఒక్కటీ రాదు, ఉన్నవే పెద్దవవుతాయి. అందుకే నెల తక్కువ పుట్టిన ఒంటి కిడ్నీ బిడ్డను మరింత జాగ్రత్తగా చూడాలి.

పెద్దమ్మ రెండో ప్రశ్న: "మరి పిల్లగాడు అందరి లెక్క పెరుగుతడా?" ఉన్న కిడ్నీ ఆరోగ్యంగా ఉంటే అందరిలాగే పెరుగుతాడు. ఐదో నెలకు పుట్టిన బరువు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావాలి. కిడ్నీ తడబడితే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, ఉప్పు మూత్రంలో పోతుంది, బిడ్డ పాలు సరిగా తాగడు, బరువు ఆగిపోతుంది. అంగన్‌వాడీలో తూకం వేసి కార్డులో పెట్టే చుక్క అందుకే నాకు స్కానింగంత ముఖ్యం. ఒక నెల చుక్క కాదు, వరుసగా వాటిని కలిపే గీత ఎటు పోతోందో చూడాలి.

పాల సంగతి మన నల్లగొండ జిల్లాలో ప్రత్యేకంగా చెప్పాలి. ఆరు నెలల దాకా తల్లిపాలే, వేరే నీళ్లు కూడా వద్దు. పసివాడి కిడ్నీకి పెద్దవాళ్లంత చిక్కటి మూత్రం తయారుచేయడం రాదు. బర్రెపాలల్లో మాంసకృత్తులు తల్లిపాలకన్నా మూడు నాలుగు రెట్లు, ఉప్పూ ఎక్కువే. అదంతా కిడ్నీ మీద భారం. నీళ్లు కలిపి పల్చన చేస్తే బలం తగ్గుతుంది, పైగా ఆ నీళ్లు బోరువైతే ఇంకో తంటా. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి దశాబ్దాలుగా తెలిసిందే. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ బయటకు పోయే ముఖ్యమైన దారి కిడ్నీయే. తల్లి ఫ్లోరైడ్ నీళ్లు తాగినా ఆమె పాలలోకి వచ్చేది చాలా తక్కువ.

జలుబూ దగ్గూ లేకుండా జ్వరం వస్తే ఆ రోజే మూత్రపరీక్ష చేయించండి. ఒంటి కిడ్నీ పిల్లల్లో కొందరికి మూత్రం వెనక్కి, కిడ్నీలోకి ఎగదన్నుతుంది. ఇన్ఫెక్షన్ సోకితే మచ్చ పడొచ్చు, ఆదుకోవడానికి రెండోది లేదు. విరేచనాలైతే ఒళ్లు ఎండిపోకముందే ఓఆర్ఎస్ మొదలుపెట్టి డాక్టరుకు చూపించాలి. మెడికల్ షాపులో అడిగి జ్వరానికి, నొప్పికి ఇచ్చే ఐబుప్రోఫెన్ మందు పట్టించొద్దు. బీపీ, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు పెద్దయ్యాక కూడా ఆపకూడదు, ఎక్కువ పని చేసే నెఫ్రాన్లు ఏళ్ల తర్వాత అలసిపోవచ్చు కాబట్టి.

వాడు 2.9 కిలోలతో పుట్టాడు. మొన్న ఐదో నెల తూకంలో 6.1 వచ్చింది. పెద్దమ్మ కార్డు ఫొటో తీసి పంపింది, గీత మీద వేలు పెట్టి మరీ.