టైటాన్ గాలింపు: ఒక చప్పుడు వెనుక అరవై ఏళ్ల నేపథ్యం

2023 జూన్ 18 ఉదయం, ఉత్తర అట్లాంటిక్‌లో టైటానిక్ శిథిలాల వైపు దిగుతున్న టైటాన్ అనే చిన్న లోతు వాహనం (సబ్‌మెర్సిబుల్) నుంచి సహాయక నౌక పోలార్ ప్రిన్స్‌కు అందిన చివరి సందేశం, రెండు బరువులు వదిలామన్నది. అప్పటికి టైటాన్ 3,346 మీటర్ల లోతున ఉంది. ఇంకో నాలుగైదు వందల మీటర్లు దిగితే అడుగు తగిలేది. ఆ సమయంలో నౌక మీద సమాచార తెర ముందు కూర్చున్న, ఓషన్‌గేట్ కంపెనీ అధిపతి స్టాక్టన్ రష్ భార్యకు ఏదో చప్పుడు వినిపించింది. అదేమిటని ఆమె పక్కవారిని అడగడం, కొన్ని సెకన్లకు బరువుల సందేశం తెర మీదికి రావడం, దానితో అంతా సవ్యంగానే ఉందని అక్కడివారు కుదుటపడడం అమెరికా కోస్ట్‌గార్డ్ 2025లో బయటపెట్టిన వీడియోలో కనిపిస్తాయి. నిజానికి ఆ చప్పుడు టైటాన్ నీటి పీడనానికి కుప్పకూలినప్పటిది; సందేశం ముందు బయలుదేరి వెనుక చేరింది. సముద్రజలంలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి చప్పుడు రెండు సెకన్లకు కాస్త పైగా కాలంలో పైకి వచ్చేసింది; సందేశాన్ని శబ్దసంకేతంగా మార్చి, పైన మళ్లీ విప్పి అక్షరాలుగా చూపే పనికి అంతకన్నా ఎక్కువ సమయం పట్టింది.

టైటాన్‌లో ఉన్నవారు అయిదుగురు. నడుపుతున్నది స్వయంగా రష్. టైటానిక్ వద్దకు ముప్పైకి పైగా సార్లు దిగివచ్చిన ఫ్రెంచి నావికుడు పాల్ ఆన్రీ నార్జోలే కూడా అందులో ఉన్నారు. మిగిలిన ముగ్గురు ప్రయాణికులు. కోస్ట్‌గార్డ్‌కు కబురు అందింది సాయంత్రానికి. అక్కడి నుంచి నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా లెక్కపెట్టింది ఒక్క సంఖ్యనే: 96 గంటలకు సరిపడా ఆక్సిజన్. కెనడా గస్తీ విమానాలు నీటిలోని శబ్దాలు వినే తేలే పరికరాలను (సోనోబాయ్‌లు) జారవిడిచాయి, గొట్టాలు పరిచే నౌక డీప్ ఎనర్జీ తన కెమెరా యంత్రాలతో వచ్చింది, ఫ్రాన్స్ పరిశోధక నౌక లాటలాంట్ ఆరు వేల మీటర్ల దాకా దిగగల విక్టర్ 6000 రోబోను తీసుకుని బయలుదేరింది. జూన్ 20న సోనోబాయ్‌లలో అరగంటకొకసారి ఎవరో తడుతున్నట్టు శబ్దాలు నమోదు కావడంతో ఆశ మళ్లీ లేచింది. జూన్ 22 ఉదయం, ఆక్సిజన్ గడువు ముగుస్తుందనుకున్న వేళకు, హొరైజన్ ఆర్కిటిక్ నౌక దించిన ఒడిసియస్ 6కే అనే రోబో టైటానిక్ ముందు భాగానికి అయిదు వందల మీటర్ల దూరంలో టైటాన్ తోక భాగాన్ని చూపించింది. తట్టిన శబ్దాలకు టైటాన్‌తో సంబంధం లేదు.

శకలాలు దొరికిన రోజే మరో విషయం బయటికి వచ్చింది. సంబంధాలు తెగిన సమయానికే, దాదాపు అదే చోటు నుంచి వచ్చిన, కుప్పకూలడాన్ని పోలిన శబ్దాన్ని అమెరికా నౌకాదళపు నీటి అడుగు శ్రవణ వ్యవస్థ పట్టుకుంది. గాలింపు అధికారులకు ఆ సంగతి తెలియజేసింది కూడా. అయినా గాలింపు కొనసాగింది, కొనసాగాలి కూడా. శబ్దం ఒక్కటే ఖచ్చితమైన సాక్ష్యం కాదు, అయిదుగురు బతికి ఉండే అవకాశం రవ్వంత ఉన్నా వెతకడం మానడానికి వీల్లేదు. 1973లో ఐర్లండ్ తీరానికి దూరంగా, 480 మీటర్ల లోతున చిక్కుకున్న పైసీస్ 3 అనే సబ్‌మెర్సిబుల్‌లోని ఇద్దరిని మూడు రోజులు దాటాక సజీవంగా పైకి లాగిన ఉదాహరణ ఉంది. ఆ లోతుకు, టైటానిక్ లోతుకు ఎనిమిది రెట్ల తేడా ఉందన్న మాటను మాత్రం ఆ నాలుగు రోజుల టీవీ చర్చల్లో పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

ఆ తేడా ఎలాంటిదో చూడాలి. నీటిలో పది మీటర్లు దిగిన ప్రతిసారీ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. టైటాన్ ఆఖరుగా ఉన్న లోతున ఆ లెక్క దాదాపు 340 వాతావరణాలు, అంటే పొట్టు (మనుషులు కూర్చునే గది గోడ) మీది ప్రతి చదరపు సెంటీమీటరు మీద మూడు వందల నలభై కిలోలకు పైబడిన బరువు. లోపల ఉన్నది మనం పీల్చే మామూలు గాలి పీడనం. ఈ రెంటి మధ్య ఉన్న గోడ ఒక్కచోట లొంగితే చాలు, నీరు సెకనుకు రెండున్నర వందల మీటర్లను మించిన వేగంతో లోపలికి దూసుకువస్తుంది. నీటిలో ఒక గోళాకారపు ఖాళీ ఎంత కాలంలో మూసుకుపోతుందో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1917లోనే సూత్రం కట్టారు. ఆయన ఎదుట ఉన్న సమస్య ఓడల ప్రొపెల్లర్లను తినేసే నీటిబుడగలది. టైటాన్ కొలతలను ఆ సూత్రంలో వేస్తే మూడు నాలుగు మిల్లీసెకన్లు వస్తుంది. అసలు నిర్మాణం గోళం కాదు కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ మనిషి మెదడు నొప్పిని గుర్తించడానికి పట్టే కాలం దీనికి ఎన్నో రెట్లు. విడుదలయ్యే శక్తిని కూడా ఇలాగే, పీడనాన్ని లోపలి ఘనపరిమాణంతో గుణించి చూస్తే, నలభై కిలోల టీఎన్‌టీ పేలుడు పదార్థానికి దగ్గరగా తేలుతుంది. నలిగిన గాలి ఒక్కసారిగా వేడెక్కి, మళ్లీ వ్యాకోచించి, మళ్లీ నలిగి కంపిస్తుంది. ఆ కంపనం పుట్టించే తక్కువ పౌనఃపున్యపు శబ్దం లోతు సముద్రంలోని సహజమైన శబ్దమార్గంలోకి చేరితే వందల, వేల కిలోమీటర్లు పోతుంది. టైటాన్ విషయంలో సుమారు 1,450 కిలోమీటర్ల దూరంలో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నీటిలో ఉంచిన రికార్డరు కూడా దాన్ని నమోదు చేసింది.

ఈ చప్పుడును చదవడం నేర్పింది 1963 నాటి విషాదం. ఆ ఏడాది ఏప్రిల్ 10న అమెరికా అణు జలాంతర్గామి థ్రెషర్ కేప్ కాడ్‌కు తూర్పున, లోతు పరీక్షల్లో ఉండగా 129 మందితో మునిగిపోయింది. పైన ఉన్న స్కైలార్క్ నౌకకు అందిన మాట, చిన్న ఇబ్బంది ఉంది, ట్యాంకుల్లోకి గాలి ఊది పైకి రావడానికి ప్రయత్నిస్తున్నామన్నది. ఆ తరువాత దూరపు హైడ్రోఫోన్లలో (నీటి అడుగు మైకుల్లో) కుప్పకూలిన శబ్దం నమోదైంది. గొట్టపు అతుకు ఒకటి వీగి నీరు చిమ్మి, విద్యుత్ వ్యవస్థ దెబ్బతిని, రియాక్టరు ఆగిపోయి ఉండవచ్చని విచారణ భావించింది. అయితే ట్యాంకుల్లోని నీటిని గాలితో ఎందుకు వెళ్లగొట్టలేకపోయారన్నదానికి జవాబు అదే తరగతికి చెందిన టినోసాను రేవులో కట్టి పరీక్షించినప్పుడు దొరికింది: అధిక పీడనపు గాలి వేగంగా వ్యాకోచించి చల్లబడి, అందులోని తేమ వడపోత జాలీల్లో మంచుగా గడ్డకట్టి దారిని మూసేసింది. థ్రెషర్ ముక్కలను 2,500 మీటర్లకు పైగా లోతున వెతకడానికి ట్రియెస్ట్ అనే బాతిస్కాఫ్‌ను (పెట్రోలు తొట్టి కింద ఉక్కు గోళం వేలాడే లోతు వాహనాన్ని) పంపారు. ఆగస్టులో అది పైకి తెచ్చిన గొట్టపు ముక్క మీద థ్రెషర్ సంఖ్య 593 చెక్కి ఉంది.

ఆ వెంటనే నౌకాదళం సబ్‌సేఫ్ అనే కఠినమైన ధ్రువీకరణ పద్ధతిని పెట్టుకుంది. నీటి పీడనాన్ని భరించే ప్రతి అతుకుకు, ప్రతి కవాటానికి, ప్రతి లోహపు ముక్కకు అది ఎక్కడ తయారైంది, ఎవరు పరీక్షించారు అన్న రాతపూర్వక ఆధారం ఉండాలి. లేకపోతే ఆ జలాంతర్గామి లోతుకు దిగకూడదు. 1915 నుంచి 1963 దాకా యుద్ధేతర కారణాలతో అమెరికా నౌకాదళం 16 జలాంతర్గాములను పోగొట్టుకుంది. ఆ తరువాత పోయినది ఒక్కటే, 1968 మేలో అజోర్స్ దీవులకు నైరుతి దిశలో 99 మందితో మునిగిన స్కార్పియన్. దానికి సబ్‌సేఫ్ ధ్రువీకరణ పూర్తి కాలేదు.

స్కార్పియన్‌ను వెతికిన తీరు ఇప్పటికీ పాఠ్యాంశమే. కేనరీ దీవుల హైడ్రోఫోన్ సహా దూరదూరాన నమోదైన శబ్దాల మధ్య కాలభేదాల నుంచి స్థూలమైన ప్రాంతం తేలింది. ఆ పైన నౌకాదళ శాస్త్రవేత్త జాన్ క్రేవెన్ నిపుణులను కూర్చోబెట్టి, జలాంతర్గామి ఏ దిశలో పోతూ, ఎలా మునిగి ఉండవచ్చో ఒక్కొక్క కథనానికి ఎంత సంభావ్యత ఇస్తారో చెప్పమన్నారు. వాటన్నిటినీ కలిపి సముద్రపు అడుగును గళ్లుగా విడదీసి, ఏ గడిలో దొరికే అవకాశం ఎంతో లెక్కగట్టారు. ఒక గడి వెతికి ఖాళీ అని తేలితే మిగతా గళ్ల విలువలు మారతాయి. అక్టోబరు చివరికి మైజార్ నౌక కెమెరాలకు శిథిలాలు చిక్కాయి. ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానాన్ని 2011లో అట్లాంటిక్ అడుగున కనుగొన్న పద్ధతికి మూలం ఇక్కడే ఉంది.

టైటానిక్ కథ కూడా ఇక్కడే కలుస్తుంది. సముద్ర పరిశోధకుడు రాబర్ట్ బల్లార్డ్ 1980ల మధ్యలో ఈ రెండు జలాంతర్గాముల శిథిలాలను నౌకాదళం కోసం రహస్యంగా సర్వే చేశారు, మిగిలిన కొద్ది రోజుల వ్యవధిలో టైటానిక్‌ను వెతికారు. కుప్పకూలిన నిర్మాణం బరువైన ముక్కలను నేరుగా కిందికి వదిలి, తేలికైన వాటిని ప్రవాహం వెంట పొడవాటి చారగా పరుస్తుందని ఆ సర్వేల్లో గ్రహించారు. ఓడ కోసం కాక ఆ చార కోసం వెతకడం వల్లే 1985 సెప్టెంబరు 1న, ఫ్రెంచి బృందంతో కలిసి, టైటానిక్ జాడ పట్టారు. ఏదీ తోడు లేని ఒట్టి శబ్దం ఎంతవరకు పనికివస్తుందో 2017లో తేలింది. ఆ నవంబరు 15న 44 మందితో మాయమైన అర్జెంటీనా జలాంతర్గామి సాన్ హువాన్ చప్పుడును అణుపరీక్షల నిషేధ ఒప్పంద సంస్థకు చెందిన అసెన్షన్, క్రోజె దీవుల శ్రవణ కేంద్రాలు పట్టుకున్నాయి. అది బహిరంగంగా ప్రకటించారు కూడా. అయినా 907 మీటర్ల లోతున శిథిలం దొరకడానికి ఏడాది పట్టింది.

ఇంతకూ టైటాన్ ఎందుకు లొంగింది? 1934లో బెర్ముడా వద్ద 923 మీటర్లు దిగిన అన్వేషకులు బీబీ, బార్టన్‌ల ఉక్కు గోళం మొదలు, 1960లో జాక్ పికార్డ్, డాన్ వాల్ష్‌లను సముద్రంలోకెల్లా లోతైన చోటు చాలెంజర్ డీప్‌కు తీసుకెళ్లిన ట్రియెస్ట్ దాకా లోతు వాహనాల్లో మనుషులు కూర్చున్నది గోళంలోనే. అదే మందం, అదే వ్యాసం ఉన్న స్తూపం కన్నా గోళపు గోడలో ఒత్తిడి సగమే ఉంటుంది. ట్రియెస్ట్ గోళపు ఉక్కు గోడ మందం 12.7 సెంటీమీటర్లు, విచిత్రంగా టైటాన్ పొట్టు మందం కూడా అంతే. కానీ టైటాన్ స్తూపాకారం, పదార్థం కార్బన్ ఫైబర్. ఆ ఎంపికకు కారణం వ్యాపార లెక్క. ఉక్కు గోళం బరువును తేల్చడానికి ట్రియెస్ట్ మీద 85 వేల లీటర్ల పెట్రోలు మోసుకుపోవలసి వచ్చింది, అయినా లోపల చోటు ఇద్దరికే. తేలికైన పొడవాటి పొట్టులో అయిదుగురు పడతారు, చిన్న నౌక చాలు, టికెట్టు రెండున్నర లక్షల డాలర్లు.

కార్బన్ ఫైబర్ తాడు లాంటిది: లాగితే ఎంతైనా నిలుస్తుంది, తోస్తే ముడుచుకుంటుంది. విమానపు పొట్టును గాలి లోపలి నుంచి బయటికి నెడుతుంది కాబట్టి అక్కడ ఆ పదార్థానికి తిరుగులేదు; సముద్రంలో బలం బయటి నుంచి లోపలికి వస్తుంది, పోగులను పట్టి ఉంచే జిగురు మీద, పొరల మధ్య బంధం మీద భారం పడుతుంది. ప్రతి మునకా ఒక పీడన చక్రం. కంటికి కనపడని పగుళ్లు పేరుకుంటాయి, లోహంలా ముందు వంగి హెచ్చరించడం ఉండదు. సాహసయాత్రికుడు స్టీవ్ ఫాసెట్ తన ఒంటరి యాత్ర కోసం చేయించిన కార్బన్ ఫైబర్ వాహనాన్ని ఒక్క మునకకే సరిపోయేదిగా భావించారంటే ఊరికే కాదు. టైటాన్ మొదటి పొట్టు 2019లో పగిలి బయటపడింది. రెండోదాన్ని అయిదు పొరలుగా చుట్టారు. దాని నమూనాలను పరీక్షించినప్పుడు పోగుల్లో ముడతలు, గాలి ఖాళీలు, పొరల మధ్య రాపిడి గుర్తులు కనిపించాయని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి చెప్పింది.

నా దృష్టిలో ఈ ఉదంతంలో అన్నిటికన్నా క్షమించరానిది 2022 జూలై 15 నాటి చప్పుడు. 80వ మునక ముగించుకుని టైటాన్ ఉపరితలానికి చేరుతుండగా పెద్ద శబ్దం వచ్చింది. పొట్టు గోడలకు అంటించిన శబ్ద గ్రాహకాలు, ఒత్తిడి కొలిచే సాధనాలు పగుళ్ల సమాచారం ఎప్పటికప్పుడు ఇస్తాయని, అందుకే బయటి ధ్రువీకరణ అవసరం లేదని వాదించింది ఓషన్‌గేటే. ఆ రోజు ఆ సాధనాలు చేయవలసిన పని చేశాయి: తరువాతి మునకల్లో పొట్టు స్పందన మారినట్టు అంకెలు చూపించాయి. చట్రంలో పొట్టు సర్దుకున్న శబ్దమని రష్ సరిపెట్టారు. ఆ చలికాలమంతా టైటాన్ కెనడాలోని సెయింట్ జాన్స్‌లో ఆరుబయటే ఉంది. ఆ మునకలో పొరలు విడిపోయాయని దర్యాప్తులు తరువాత తేల్చాయి.

హెచ్చరికలు అంతకు ముందూ లేకపోలేదు. 2018లో కంపెనీ సొంత కార్యకలాపాల డైరెక్టరు పొట్టు పరీక్షలు చాలవని, గాజు కిటికీ 1,300 మీటర్లకే ధ్రువీకరణ పొందిందని రాసి ఉద్యోగం పోగొట్టుకున్నారు. అదే ఏడాది సముద్ర సాంకేతిక నిపుణుల సంఘం మెరైన్ టెక్నాలజీ సొసైటీ సభ్యులు రష్‌కు ఆందోళన తెలుపుతూ లేఖ సిద్ధం చేశారు. నౌకల భద్రతను పరీక్షించి ధ్రువీకరించే ఏ వర్గీకరణ సంస్థ ఆమోదమూ వాహనానికి తీసుకోలేదు. అంతర్జాతీయ జలాల్లో దిగుతుంది కనుక, ప్రయాణికులను ‘మిషన్ స్పెషలిస్టులు’ అని పిలిచారు కనుక ఏ దేశపు ప్రయాణికుల నౌకా చట్టమూ పట్టుకోలేకపోయింది. ఈ మరణాలు నివారించదగినవేనని కోస్ట్‌గార్డ్ విచారణ మండలి 2025 ఆగస్టు నివేదికలో తేల్చి, సబ్‌మెర్సిబుళ్లన్నిటినీ నమోదు, తనిఖీల పరిధిలోకి తేవాలని సిఫారసు చేసింది. నీటి అడుగున గాలింపుకు తన సొంత సామర్థ్యం ఎంత ఉండాలో తేల్చుకోవాలని కూడా అందులో ఉంది. 2023 జూన్‌లో నాలుగు వేల మీటర్ల లోతుకు పంపగల రోబో కోస్ట్‌గార్డ్ చేతిలో ఒక్కటీ లేదు. శకలాలను కనుగొన్న ఒడిసియస్ ఒక ప్రైవేటు సంస్థది.