సీరియల్ రేటింగ్ పడిపోతే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

డైలీ సీరియళ్లకు స్క్రీన్‌ప్లే రాస్తానని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "ఎందుకండీ అంత సాగదీస్తారు?" రెండోది, "ఫలానా సీరియల్ రేటింగ్ పడిపోయిందట కదా, ఆపేస్తారా?" పెళ్లి భోజనాల దగ్గర సగం సగం జవాబులు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఇక్కడ మొత్తం చెప్తాను.

అపోహ: సాగదీస్తే జనం చూడటం మానేస్తారు.

అలాగైతే 'కార్తీకదీపం' ఆరు నెలల్లో ఆగిపోవాలి. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైన ఈ సీరియల్, మలయాళ 'కరుత్తముత్తు'కి రీమేక్. వంటలక్కగా పేరుపడ్డ దీప కన్న పిల్లలు తన పిల్లలు కారని ఆమె భర్త డాక్టర్ బాబుకి అనుమానం. గుండె డాక్టరుకి డీఎన్‌ఏ పరీక్ష సంగతి తట్టదా అని రాష్ట్రాలు రెండూ నవ్వాయి. ఎన్ని మీమ్స్ వచ్చాయో లెక్కలేదు. అయినా ఆ ఒక్క అనుమానం మీద కథ ఏళ్లపాటు నడిచింది, రేటింగుల్లో పైనే ఉంది. జనం తిట్టుకుంటూనే చూశారు.

పట్టు సడలింది ఆ అనుమానం తీరాకే. అడగడానికి అంత పెద్ద ప్రశ్న మళ్లీ దొరకలేదు. 2022లో ఆ జంటను యాక్సిడెంట్‌లో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్లను చేసి కథ నడిపారు. మా భాషలో దీన్ని లీప్ అంటాం. వంటలక్క లేని కార్తీకదీపం జనానికి ఎక్కలేదు. కొన్ని నెలలకే ఇద్దర్నీ బతికించి వెనక్కి తెచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. 2023 జనవరిలో ముగించారు. నా లెక్కలో అసలు తప్పు సాగదీత కాదు, ముడి విప్పాక ఇంకో ముడి వేయకపోవడం. బయటినుంచి చెప్పడం తేలికేననుకోండి. పదిహేను వందల ఎపిసోడ్లు దాటాక నాకైనా ఏం ముడి దొరికేదో!

అపోహ: రేటింగ్ పడగానే కథ మార్చేస్తే సరిపోతుంది.

టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ పేరు బార్క్. దాని లెక్కల వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది. ఆ అంకెలు మా చేతికొచ్చేది తర్వాతి గురువారం. అప్పటికి ఈ వారం ఎపిసోడ్లు దాదాపు ప్రసారమైపోయి ఉంటాయి. వచ్చే వారానివి కూడా షూట్ చేసి బ్యాంకింగ్‌లో, అంటే ముందస్తు నిల్వలో, పెట్టేసి ఉంటాం. అంటే ఈ రోజు రాసిన మార్పు మీరు చూసేది పది, పన్నెండు రోజుల తర్వాత. దాని ఫలితం మేం చూసేది ఇంకో వారం పైన. రమారమి నెల రోజులు కళ్లకు గంతలు కట్టుకుని బండి నడపడమే.

ఒకసారి ఇలాగే గురువారం టెన్షన్‌లో మేనత్త పాత్ర ట్రాక్ కోసేశాం. తీరా చూస్తే రేటింగ్ పడిన వారమంతా క్రికెట్ మ్యాచ్‌లు. తర్వాతి వారం అదే మేనత్త సీన్లకి రేటింగ్ లేచి కూర్చుంది. ఆవిడేమో ఈలోగా ఇంకో సీరియల్‌కి డేట్స్ ఇచ్చేసింది. 'కాశీ వెళ్లింది' అని రెండు నెలలు డైలాగులతోనే నెట్టుకొచ్చాం.

అపోహ: మా వీధంతా చూస్తోంది, కాబట్టి రేటింగ్ అబద్ధం.

ఎవరేం చూస్తున్నారో లెక్కించే బార్క్ మీటరు మీ వీధిలో ఉండకపోవచ్చు. 2020 నాటి బార్క్ సర్వే ప్రకారం దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లు. మీటరు పెట్టినవి వేలల్లోనే. ఛానల్ ధ్వనిలో మన చెవికి వినపడని గుర్తు ఒకటి ఉంటుంది, మీటరు దాన్ని పట్టుకుంటుంది. టీవీ ముందు కూర్చున్నవాళ్లు రిమోట్ మీద ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి. మీరు బస్సులో ఫోన్‌లో చూసిన ఎపిసోడ్ ఈ లెక్కలోకి రాదు. ఇంత చిన్న శాంపిల్‌లో ఒక్క వారం తగ్గుదలకి పెద్ద అర్థం ఉండదు. నాలుగు వారాలు వరసగా జారితేనే భయపడాలి. ఈ మాట ఛానల్‌వాళ్లకూ తెలుసు, అయినా ఫోన్ మాత్రం మొదటి వారమే మోగుతుంది.

అపోహ: రేటింగ్ పడితే సీరియల్ ఆపేస్తారు.

దాని స్లాట్‌లో, అంటే ఆ ప్రసార సమయంలో, అంతకంటే బాగా ఆడే కథ చేతిలో ఉంటేనే ఆపుతారు. లేకపోతే సగానికి పడినా నడుస్తూనే ఉంటుంది. ప్రకటనలు అమ్మేది ఆ అరగంటకి, దాన్ని ఖాళీగా ఉంచలేరు కదా. కార్తీకదీపం ముగిసిన మర్నాడే 'బ్రహ్మముడి' మొదలైంది. 2024 మార్చిలో అవే పేర్లు, అవే మొహాలతో, పూర్తిగా వేరే కథతో కార్తీకదీపమే మళ్లీ వచ్చింది. ఈసారి ప్రశ్న కొత్తది, అందుకే మళ్లీ నిలబడింది.

మీ సీరియల్ సంగతంటారా? రాత్రి స్లాట్ నుంచి మధ్యాహ్నానికి మార్చారంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే. అదే విలన్ ఒక్క వారంలో మంచిదైపోయి, విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయి, ఇంట్లో అందరూ వరసగా నిలబడి ఫొటో దిగుతున్నారంటే, క్లైమాక్స్ రాయమని మాకు చెప్పి అప్పటికే పదిహేను రోజులైందన్నమాట.