జేజి రక్తంలో యూరియా

అనంతపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ జేజికి రాసిచ్చిన చీటీలో ‘బ్లడ్ యూరియా’ అని చూసి, “చేనుకు చల్లే యూరియా జేజి రక్తంలోకి ఎట్లొచ్చింది తాతా?” అని అడిగారు కదా. ఫోన్‌లో చెబితే తెగేది కాదని ఈ ఉత్తరం రాస్తున్నా.

రెండూ ఒకటే యూరియా. బస్తాలోది ఫ్యాక్టరీలో తయారవుతుంది, మనది మన కాలేయంలో. ప్రాణుల ఒంట్లో దొరికే ఈ పదార్థాన్ని 1828లో వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గాజు పాత్రలోనే తయారుచేసి చూపించాడు.

ఒంట్లో ఎందుకు పుడుతుందంటే, శెనక్కాయలు ఒలిచే ఇంటిని తలుచుకోండి. మా చిన్నప్పుడు తొలకరికి ముందు ఇంటిల్లిపాదీ విత్తనాలకు కూర్చుని ఒలిచేవాళ్ళం. మిషన్‌కు వేస్తే పప్పు బద్దలవుతుందని చేత్తోనే. బొటనవేలి గోరు పక్కన తోలు లేచిపోయి, రాత్రి కారం కలుపుకుంటే చురుక్కుమనేది. ఒక్క గింజ దొర్లిపోయినా మా అమ్మ లేచి ఏరుకొచ్చేది. గింజను అట్లా చూడటం మీరూ నేర్చుకోవాలి.

పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్లను ఒళ్ళు వాడుకున్నాక మిగిలే పొట్టు అమ్మోనియా. పొట్టు ఎగిరి కళ్ళలో పడినట్టు, అది విడిగా తిరిగితే మెదడుకు చేటు. అందుకే కాలేయం దాన్ని మూట కడుతుంది. ఆ మూటే యూరియా. కిడ్నీలు మూటల్ని బండికెత్తి ఊరి బయట దించి వస్తాయి. వాకిట్లో మూటలు పేరుకుంటే బండి సరిగా నడుస్తోందా అని అనుమానించాలి. మూటలు తగ్గి పొట్టు ఎగురుతుంటే, మూట కట్టే మనిషికే బాగాలేదేమో చూడాలి. కాలేయం బాగా చెడితే అమ్మోనియా పెరిగి మనిషి మగతగా, పొంతన లేకుండా మాట్లాడతాడు.

అయితే కాయలు ఎక్కువ ఒలిచిన రోజు మూటలూ ఎక్కువే. మాంసం బాగా తిన్నా, ఎండలో నీళ్ళు తాగకపోయినా యూరియా పెరుగుతుంది. అందుకని డాక్టర్లు క్రియాటినిన్ కూడా చూస్తారు. అది కండరాల నుంచి వచ్చే వ్యర్థం, దాన్నీ కిడ్నీలే బయటికి పంపాలి. అదే ఇంటి పొయ్యి బూడిద అనుకోండి, ఒలిచినా ఒలవకపోయినా రోజూ దాదాపు అంతే. అది కుప్పపడిందంటే బండినే ఎక్కువ అనుమానించాలి. పెద్దవాళ్ళకు సాధారణంగా డెసిలీటరుకు, అంటే వంద మిల్లీలీటర్లకు, 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీల పని సగం తగ్గేదాకా ఈ అంకె పెద్దగా కదలకపోవచ్చు. నాకు భయం అక్కడే. కీళ్ళనొప్పులకని అంగట్లో బిళ్ళలు కొని ఏళ్ళ తరబడి మింగేవాళ్ళు మన పల్లెల్లో ఎంతమందో! అట్లా మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. జేజి మింగుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పమనండి.

ల్యాబులో రక్తపు గొట్టాన్ని గిర్రున తిప్పితే ఎర్రది అడుక్కు దిగి, పైన లేత పసుపు నీరు తేలుతుంది. దాంట్లో పిక్రిక్ ఆమ్లం, క్షారం కలిపితే క్రియాటినిన్ ఉన్నకొద్దీ నారింజ రంగు చిక్కబడుతుంది. యాఫే అనే ఆయన 1886లో గమనించిన ఈ రంగును ఇప్పుడు మిషన్ కొలిచి అంకె ఇస్తుంది. లోపలి కిడ్నీల సంగతి గొట్టంలోని రంగు చెప్పడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ కిడ్నీలేమో రోజుకు 180 లీటర్ల దాకా నీటిని రక్తంలోంచి వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకే పంపి, ఒకటి రెండు లీటర్లే బయటికి వదులుతాయి! అదెట్లాగో ఒక్క ఉత్తరంలో నాతో అయ్యేది కాదు.

రేపు పొద్దున పేడ తీయకముందే ఎద్దుల కొట్టంలోకి పోయి నిలబడండి. ముక్కుకు ఘాటుగా తగిలేది అమ్మోనియా. మూత్రంలోని యూరియా మూటను సూక్ష్మజీవులు విప్పి మళ్ళీ పొట్టు చేస్తాయి. ఏ మూలన ఘాటు ఎక్కువగా ఉందో, ఎందుకుందో చూసి నాకు రాయండి.

మీ తాత